హేమకుండ్ సరస్సుకు ఒక్కరోజు నడక: తిరుపతి నుంచి సిద్ధపడే విధానం

ఉత్తరాఖండ్‌లోని చమోలీ జిల్లాలో, సముద్రమట్టానికి సుమారు 4,300 మీటర్ల ఎత్తున, చుట్టూ శిఖరాలు కమ్ముకున్న మంచునీటి సరస్సు హేమకుండ్. దాని ఒడ్డున సిక్కుల గురుద్వారా, పక్కనే లక్ష్మణుని ఆలయం ఉన్నాయి. పైన రాత్రి బసకు వీలు లేదు కనుక, కింద ఉన్న ఘాంఘరియా అనే ఊరి నుంచి వేకువనే బయలుదేరి, సరస్సు చూసుకొని, పొద్దు ఉండగానే తిరిగి రావాలి. వెళ్ళడానికి ఆరు కిలోమీటర్లు, రావడానికి ఆరు. అలిపిరి నుంచి తిరుమలకు తొమ్మిది కిలోమీటర్ల మెట్లదారిని ఎన్నోసార్లు ఎక్కినవారికి ఈ అంకె చిన్నదిగానే కనిపిస్తుంది. కానీ అలిపిరి దారిలో మనం ఎక్కే ఎత్తు దాదాపు 700 మీటర్లు. ఘాంఘరియా నుంచి హేమకుండ్‌కు ఆరు కిలోమీటర్లలోనే సుమారు 1,250 మీటర్లు ఎక్కాలి. అదీ సముద్రమట్టంతో పోలిస్తే గాలి పీడనం దాదాపు 60 శాతానికి తగ్గిపోయే చోటికి.

తిరుపతి, చిత్తూరు ప్రాంతాలవారికి మెట్లు ఎక్కడం కొత్త కాదు. మనకు అలవాటు లేనివి రెండే. ఒకటి పలుచని గాలి. రెండవది కాలినడకన దిగడం. కొండకు నడిచి వెళ్ళినవారిలో అత్యధికులు దర్శనం అయ్యాక బస్సులోనే దిగుతారు. అందువల్ల ఎక్కే కండరాలకు ఉన్న సాధన దిగే కండరాలకు ఉండదు. ఈ మార్గదర్శిలోని ప్రణాళిక అంతా ఈ రెండు లోపాలను ముందుగానే పూడ్చుకోవడం కోసం ఉద్దేశించినది.

నెలను ఎంచుకోవడం

హేమకుండ్ దారి సాధారణంగా మే నెలాఖరున గాని, జూన్ మొదట్లో గాని తెరుచుకొని అక్టోబరు రెండవ వారం నాటికి మూసుకుంటుంది. ఆ ఏటి తేదీలను అధికారిక ప్రకటన చూశాకే ఖాయం చేసుకోవాలి. జూన్‌లో దారి పైభాగంలో, ముఖ్యంగా అట్లాకోటి అనే చోట, పేరుకున్న మంచును తవ్వి దారి చేస్తారు. ఆ మంచు జారే ప్రమాదం ఉంది. 2023 జూన్‌లో అక్కడే మంచు విరిగిపడి ఒక యాత్రికురాలు మరణించారు. మంచు మీద ఎన్నడూ నడవనివారు ఆ నెలను వదిలివేయడం మంచిది. జూలై, ఆగస్టు నెలల్లో కొండంతా పూలతో నిండి ఉంటుంది, బ్రహ్మకమలాలు కనిపించేదీ అప్పుడే. అయితే వానలూ అప్పుడే, ఋషికేశ్ నుంచి వచ్చే రహదారిపై కొండచరియలు విరిగిపడేదీ అప్పుడే. నా అభిప్రాయంలో మొదటిసారి వెళ్ళేవారికి సెప్టెంబరు మొదటి మూడు వారాలు అన్నిటికన్నా అనుకూలం. వాన తగ్గుముఖం పడుతుంది, మంచు దాదాపు ఉండదు, చలి ఇంకా ముదరదు.

దీనికి మన ఊరి వైపు నుంచి ఒక చిక్కు ఉంది. బ్రహ్మోత్సవాలు సెప్టెంబరు, అక్టోబరు నెలల్లోనే వస్తాయి కనుక తిరుపతి నుంచి, తిరుపతికి రైళ్ళలో చోటు దొరకడం కష్టమవుతుంది. ప్రస్తుతం రైలు రిజర్వేషన్ ప్రయాణానికి 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. ఆ ఉదయమే రానుపోను టికెట్లు రెండూ తీసుకోవాలి. తిరుగు టికెట్‌ను మాత్రం లెక్క ప్రకారం తేలిన తేదీకి కాక, దానికి రెండు రోజుల తర్వాతకు తీసుకోవాలి. ఎందుకన్నది చివర్లో వివరిస్తాను.

పన్నెండు వారాల సాధన

సాధన మూడు నెలల ముందే మొదలుపెట్టాలి. మొదటి నాలుగు వారాలు వారానికి నాలుగు రోజులు, రోజుకు ముప్పావు గంట వేగంగా నడవడం, దానితోపాటు గుంజీళ్ళు తీయడం చాలు. గుంజీలు తీసేటప్పుడు లేవడంలో కాక కూర్చోవడంలో నిదానం పాటించండి: కిందికి దిగడానికి నాలుగు లెక్కలు, పైకి లేవడానికి ఒకటి. దిగుడులో పనిచేసేవి తొడ ముందు కండరాలే. అవి సాగుతూనే బరువు మోయాల్సి వస్తుంది కనుక, సాధన లేనప్పుడు మరునాడు మోకాళ్ళు మడవలేనంతగా పట్టేస్తాయి.

అయిదవ వారం నుంచి మెట్లదారికి వెళ్ళండి. శ్రీవారి మెట్టులో 2,388 మెట్లు, సుమారు రెండు కిలోమీటర్ల దూరం. అలిపిరిలో 3,550 మెట్లు. సాధన కోసం అయితే వారంలో ఒకసారి శ్రీవారి మెట్టు ఎక్కడం నాకు మేలనిపిస్తుంది, ఎందుకంటే అది ఎక్కడా చదును ఇవ్వకుండా ఎక్కిస్తుంది, హేమకుండ్ దారి స్వభావమూ అదే. అలిపిరిలో గాలిగోపురం దాటాక చాలా దూరం చదునుగా సాగి, మోకాళ్ళ పర్వతం దగ్గర మళ్ళీ నిటారుగా లేస్తుంది. ఆ మధ్యలో శరీరం కోలుకుంటుంది కనుక మన బలాన్ని మనం ఎక్కువగా అంచనా వేసుకుంటాము. ఎనిమిదవ వారం నుంచి వీపున అయిదు కిలోల బరువు ఉండాలి. నీళ్ళ సీసాలు నింపి సంచిలో పెట్టుకుంటే సరిపోతుంది, వాటిలో కొంత తాగనూ వచ్చు. ఈ వారాల్లో తప్పనిసరిగా కాలినడకనే దిగండి. బస్సు టికెట్టుకు డబ్బు పెట్టుకోకుండా వెళ్ళడం ఒక ఉపాయం.

దారి వేళలను, పిల్లలకు సంబంధించిన ఆంక్షలను వెళ్ళే ముందు తెలుసుకోవాలి. 2023 ఆగస్టులో అలిపిరి దారిలో చిరుతపులి దాడిలో ఒక చిన్నారి ప్రాణం కోల్పోయిన తర్వాత నియమాలు కఠినమయ్యాయి. తెల్లవారుజామున ఒంటరిగా వెళ్ళకుండా గుంపుగా నడవండి.

ఇంకొక విషయం సాధారణంగా ఎవరి దృష్టికీ రాదు. మెట్లదారిని మనం చెప్పులు లేకుండా ఎక్కుతాము. హేమకుండ్‌కు చీలమండను పట్టి ఉంచే బూట్లు కావాలి; వాటిని కొత్తగా అక్కడ మొదటిసారి తొడిగితే రెండవ కిలోమీటరుకే మడమ పొక్కుతుంది. కాబట్టి బూట్లకు వేరే సాధన ఏర్పాటు చేసుకోవాలి. తలకోనలో అటవీశాఖ టికెట్టు తీసుకొని, అనుమతి ఉన్న దారుల్లో రాళ్ళ మీద నడవవచ్చు. మదనపల్లె దగ్గరి హార్స్‌లీ హిల్స్ దారులూ పనికివస్తాయి. శేషాచలం అడవిలో అనుమతి లేని దారులు పట్టి తీర్థాల వైపు వెళ్ళడం చట్టరీత్యా నేరం, పైగా ఎర్రచందనం నిఘా ఉన్న అడవి కనుక ఇబ్బందుల్లో పడతారు. బూట్లను కనీసం యాభై కిలోమీటర్లు నడిపించాకే హిమాలయాలకు తీసుకువెళ్ళండి. అక్కడ వేసుకోబోయే ఉన్ని సాక్సులతోనే ఈ నడక సాగాలి, ఎందుకంటే పలుచని సాక్సుతో సరిపోయిన బూటు ఉన్ని సాక్సుతో బిగుసుకుపోతుంది. దిగేటప్పుడు బొటనవేళ్ళ గోళ్ళు నల్లబడడానికి ఇదొక కారణం.

పదకొండవ వారంలో ఒక పరీక్ష పెట్టుకోండి. అయిదు కిలోల బరువుతో ఉదయం అలిపిరి ఎక్కి, ఒక గంట విశ్రాంతి తీసుకొని, అదే దారిన దిగాలి. మరునాడు ఇంట్లో మెట్లు మామూలుగా దిగగలిగితే కాళ్ళు సిద్ధమైనట్టే. దిగలేకపోతే ప్రయాణం మానుకోనక్కరలేదు, కానీ హేమకుండ్ ఎక్కే రోజు వేగం తగ్గించుకొని లెక్క వేసుకోవాలి.

వైద్యుని దగ్గర అడగవలసినవి

రక్తపోటు, మధుమేహం, గుండె జబ్బు, ఉబ్బసం ఉన్నవారు, గర్భిణులు వైద్యుని సలహా లేకుండా బయలుదేరకూడదు. ఆరోగ్యవంతులు కూడా ఒకసారి కలవడం మంచిది. డయామాక్స్ పేరుతో దొరికే ఎసిటజోలమైడ్ ఎత్తుకు అలవాటుపడడానికి తోడ్పడుతుంది. నివారణకు పెద్దలకు సాధారణంగా పూటకు 125 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు ఇస్తారు. సల్ఫా మందులు పడనివారు ఆ సంగతి తప్పక చెప్పాలి. ఈ మందు వల్ల మూత్రం ఎక్కువగా పోతుంది, వేళ్ళు తిమ్మిరెక్కుతాయి. అక్కడికి వెళ్ళాక భయపడకుండా, ఇంటి దగ్గరే ఒక రోజు వేసుకొని చూడవచ్చా అని వైద్యుని అడగండి.

పరుగు అలవాటు, వయసు, కండబలం ఎత్తు వల్ల వచ్చే జబ్బును ఆపవు. శ్రీవారి మెట్టును గంటలో ఎక్కే కుర్రవాడు ఘాంఘరియాలో తలనొప్పితో మంచం పట్టవచ్చు, మెల్లగా నడిచిన వాళ్ళ అమ్మ హాయిగా ఉండవచ్చు.

ఎత్తుకు అలవాటుపడేలా రోజులను అమర్చడం

తిరుపతి నుంచి హజ్రత్ నిజాముద్దీన్ వరకు ఏపీ సంపర్క్ క్రాంతి ఎక్స్‌ప్రెస్ ఉంది. అక్కడి నుంచి హరిద్వార్, ఋషికేశ్‌లకు రైళ్ళు, బస్సులు దొరుకుతాయి. ఋషికేశ్ నుంచి జోషీమఠ్ సుమారు 250 కిలోమీటర్లు. కొండదారి కనుక పగలంతా పడుతుంది. రాత్రిపూట ఆ దారిలో వాహనాలను నడపనివ్వరు కనుక తెల్లవారుజామునే బయలుదేరాలి. ఉత్తరాఖండ్ పర్యాటక శాఖ వెబ్‌సైట్‌లో గాని యాప్‌లో గాని చార్‌ధామ్‌తోపాటు హేమకుండ్‌కు కూడా ముందుగా పేరు నమోదు చేసుకోవాలి. ఏటీఎం పనులు జోషీమఠ్‌లోనే ముగించుకొని నగదు దగ్గర పెట్టుకోండి.

మొదటి రాత్రి జోషీమఠ్‌లో, దాదాపు 1,900 మీటర్ల ఎత్తున పడుకోండి. మరునాడు గోవింద్‌ఘాట్ మీదుగా పుల్నా వరకు వాహనంలో వెళ్ళి, అక్కడి నుంచి లక్ష్మణగంగ వెంట సుమారు పది కిలోమీటర్లు నడిచి ఘాంఘరియా చేరాలి. అది 3,050 మీటర్ల ఎత్తు. గోవింద్‌ఘాట్ నుంచి హెలికాప్టర్ కూడా నడుస్తుంది గానీ, మీ ఉద్దేశం మరునాడో ఎల్లుండో హేమకుండ్ ఎక్కడం అయితే ఈ పది కిలోమీటర్ల నడకను వదులుకోవద్దు. శరీరం ఎత్తుకు సర్దుకునేది ఆ నెమ్మదిలోనే.

ఇక్కడ చాలా బృందాలు ఘాంఘరియా చేరిన మరునాడే హేమకుండ్ ఎక్కి, ఆ తర్వాతి రోజు పూలలోయకు (వ్యాలీ ఆఫ్ ఫ్లవర్స్) వెళ్తాయి. క్రమాన్ని తిరగవేయమని నా సలహా. పూలలోయ ఘాంఘరియా కన్నా కొన్ని వందల మీటర్లే ఎత్తు. పగలు అక్కడ తిరిగి, రాత్రి మళ్ళీ ఘాంఘరియాలో పడుకుంటే, పగలు ఎక్కువ ఎత్తు చూసి రాత్రి తక్కువ ఎత్తున నిద్రపోయినట్టవుతుంది. ఎత్తైన చోట్ల పాటించవలసిన మేలైన పద్ధతి ఇదే. 1,250 మీటర్ల ఎక్కుడును ఆ తర్వాతి రోజుకు వాయిదా వేస్తే ఘాంఘరియాలో రెండు రాత్రులు గడిచి ఉంటాయి.

ఈ రెండు రాత్రులూ ఒకరినొకరు గమనించుకోవాలి. తలనొప్పితోపాటు వికారమో, తల తిరగడమో, అసాధారణమైన నీరసమో, నిద్ర పట్టకపోవడమో ఉంటే అది ఎత్తు వల్ల వచ్చిందనే అనుకోవాలి, నీళ్ళు పడలేదనో, పరాఠా అరగలేదనో సర్దిచెప్పుకోకూడదు. ఆ లక్షణాలతో పైకి ఎక్కరాదు. ఒక రోజు ఆగితే సాధారణంగా తగ్గుతుంది. తాగినవాడిలా తూలడం, ఒక పాదం మడమకు రెండో పాదం వేళ్ళు ఆనిస్తూ సరళరేఖలో నడవలేకపోవడం, మాట తడబడడం మెదడు వాపునకు సూచనలు. కూర్చున్నా ఆయాసం తగ్గకపోవడం, నురగతో కూడిన దగ్గు ఊపిరితిత్తులలో నీరు చేరుతున్నదనడానికి గుర్తులు. వీటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగకుండా, ఎవరైనా తోడుగా, వెంటనే కిందికి దించాలి. ఆక్సిజన్ సీసా దొరికినా అది దించేలోపు ఉపశమనమే తప్ప దించడానికి బదులు కాదు.

సంచిలో ఏమి ఉండాలి

ఘాంఘరియా కన్నా సరస్సు దగ్గర ఉష్ణోగ్రత దాదాపు ఎనిమిది డిగ్రీలు తక్కువగా ఉంటుందని లెక్క. ప్రతి వెయ్యి మీటర్లకు సుమారు ఆరున్నర డిగ్రీల చొప్పున తగ్గుతుంది. గాలి, వాన తోడైతే ఇంకా చలి. అందుకని ఒక్క లావుపాటి స్వెటరు కన్నా మూడు పొరలు మేలు: ఒంటికి ఆనుకొని చెమటను పీల్చి త్వరగా ఆరే పాలిస్టర్ గాని ఉన్ని గాని బనియను, దాని మీద ఫ్లీస్ (తేలికైన, నూగులాంటి చలిచొక్కా), అన్నిటికీ పైన వాననూ గాలినీ ఆపే జాకెట్టు. మనం రోజూ వేసుకునే నూలు బట్టలను ఆ ఒక్క రోజూ పక్కన పెట్టాలి. చెమటకు తడిసిన నూలు చొక్కా ఆగిన క్షణం నుంచే వెన్నులో చలి పుట్టిస్తుంది. తిరుపతి దుకాణాల్లో చలిబట్టలు ఎక్కువ దొరకవు కనుక ఫ్లీస్, చేతితొడుగులు ముందుగానే తెప్పించుకోండి. వాన కోటు, ఊతకర్ర గోవింద్‌ఘాట్‌లోనే చవకగా దొరుకుతాయి. కర్రలు రెండు తీసుకోండి. ఎక్కేటప్పుడు ఒకటి చాలనిపిస్తుంది గానీ, దిగేటప్పుడు మోకాళ్ళ మీది బరువును పంచుకునేవి ఆ రెండే.

వీటికి తోడు నుదుటికి కట్టుకునే లైటు, ఎండ అద్దాలు, సన్‌స్క్రీన్, రెండు జతల అదనపు సాక్సులు, ప్లాస్టర్లు, ఓఆర్‌ఎస్ పొట్లాలు, వైద్యుడు రాసిన మందులు, రెండు లీటర్ల నీరు. చలిలో ఫోను బ్యాటరీ త్వరగా పడిపోతుంది కనుక దానిని లోపలి జేబులో ఉంచుకోండి.

తిండి విషయంలో పులిహోర మీద ఆశ వద్దు. చలికి గట్టిపడి గొంతు దిగదు, ఎత్తున ఆకలి కూడా మందగిస్తుంది. వేరుశనగ చిక్కీ, ఖర్జూరం, నువ్వుండలు, ఉప్పు జీడిపప్పు లాంటివి అరగంటకోసారి కొంచెం కొంచెంగా తినడానికి వీలుగా ముందు జేబులో ఉండాలి. పైన గురుద్వారాలో అందరికీ వేడి కిచిడీ, టీ పెడతారు. ఆ చలిలో అంతకన్నా మేలైన భోజనం లేదు.

ఎక్కే రోజు

ముందుగా సమయం లెక్క. 1892లో స్కాట్లాండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ చెప్పిన సూత్రం ప్రకారం ప్రతి అయిదు కిలోమీటర్లకు ఒక గంట, దానికి అదనంగా ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు ఇంకొక గంట. ఈ లెక్కన ఆరు కిలోమీటర్లకు గంటా పన్నెండు నిమిషాలు, 1,250 మీటర్లకు రెండు గంటల పైచిలుకు, మొత్తం మూడుంబావు గంటలు. పలుచని గాలికి మరో సగం కలపండి: దాదాపు అయిదు గంటలు. దిగడానికి మూడు గంటలు, పైన ఒకటిన్నర గంట. ఉదయం అయిదింటికి బయలుదేరితే పదింటికి సరస్సు, పదకొండున్నరకు తిరుగు ప్రయాణం, మధ్యాహ్నం రెండున్నరకు ఘాంఘరియా. కొండల్లో మధ్యాహ్నం తర్వాతే మబ్బులు ముసిరి వాన పడడం పరిపాటి కనుక ఈ ముందస్తు అవసరం.

ఇప్పుడు ఈ లెక్కలోంచి ఒక గీత గీయండి: పన్నెండు గంటలకు ఎక్కడ ఉన్నా, సరస్సు కనుచూపు మేరలో ఉన్నా సరే, వెనుదిరగాలి. ఈ మాటను ముందు రాత్రే, అందరూ కూర్చున్నప్పుడు, నోటితో ఒప్పుకోవాలి. ఎందుకంటే ఎత్తున ఆలోచన మందగిస్తుంది, పైగా ఇంత దూరం నుంచి వచ్చామన్న పట్టుదల తోడవుతుంది. మొక్కు లాంటి భావన కలిగిన యాత్రలో వెనుదిరగడం మనవారికి మరింత కష్టం. తలనొప్పి, వికారం మొదలైతే గడియారంతో పని లేదు, అప్పుడే దిగాలి.

ఘాంఘరియా దాటిన కొద్దిసేపటికి దారి రెండుగా చీలుతుంది; ఎడమకు పూలలోయ, కుడికి హేమకుండ్. దారి రాతి పరుపు, మెలికలు తిరుగుతూ ఎక్కుతుంది, తప్పిపోయే అవకాశం దాదాపు లేదు. మొదటి గంట నడక మరీ నిదానంగా ఉందని మీకే విసుగు పుట్టాలి. పక్కవారితో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగేంత వేగమే సరైన వేగం. మెట్లదారిలో గోవిందనామం చెప్పుకుంటూ ఎక్కే అలవాటు ఉన్నవారికి ఇది తేలికే, నామం తెగిందంటే వేగం ఎక్కువైందని అర్థం. బృందంలో అందరికన్నా నెమ్మదిగా నడిచేవారిని ముందు ఉంచండి.

కంచరగాడిదలు ఎదురైనప్పుడు ఎప్పుడూ కొండవైపు గోడకు ఆనుకొని నిలబడాలి. లోయవైపు నిలబడినవారిని వాటి మీది మూటలు నెట్టివేయగలవు. నడవలేక వాటిపై ఎక్కేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి: కాళ్ళకు శ్రమ తప్పుతుంది గానీ ఎత్తు తప్పదు, పైగా తొందరగా చేరడం వల్ల తలనొప్పి ఇంకా త్వరగా రావచ్చు.

చెట్లు తగ్గి, పొదలు, గడ్డి మాత్రమే మిగిలాక ఎండా గాలీ నేరుగా తగులుతాయి. చివరి భాగంలో మెలికల దారిని వదిలి నిటారుగా వెళ్ళే మెట్లు కనిపిస్తాయి. మెట్లు చూడగానే మనవారికి ధైర్యం వస్తుంది. అయినా వాటి జోలికి పోకుండా మెలికల దారినే పట్టండి, ఆ ఎత్తున నిటారు మెట్లు ఊపిరి తిరగనివ్వవు. బ్రహ్మకమలాలు ఈ పైభాగంలోనే ఉంటాయి. కోయరాదు.

సరస్సు దగ్గర చెమట బనియను మార్చుకొని ఫ్లీస్ వేసుకోవడం మొదటి పని. గురుద్వారాలో బూట్లు విడిచి, తలపై గుడ్డ కప్పుకొని ప్రవేశించాలి; నేల గడ్డకట్టినట్టుంటుంది కనుక ఆరిన సాక్సులు ఇక్కడ పనికివస్తాయి. పుష్కరిణిలో మునిగినట్టు సరస్సులో మునగాలని చాలామందికి ఉంటుంది. గుండె జబ్బు, రక్తపోటు ఉన్నవారు ఆ ఆలోచన మానుకొని నీళ్ళు తలపై చల్లుకోవాలి. ఆరోగ్యంగా ఉన్నవారైనా పొడి బట్టలు సిద్ధంగా పెట్టుకొని, నెమ్మదిగా దిగి, వెంటనే బయటికి రావాలి. తిరుమలలో ప్లాస్టిక్ నిషేధం మనకు అలవాటే. అదే నియమం ఇక్కడ ఎవరూ చెప్పకపోయినా పాటించి, చిక్కీ కాగితంతో సహా వెనక్కి తెచ్చుకోండి.

దిగడం, ఆ తర్వాత

బయలుదేరే ముందు బూట్ల తాళ్ళను చీలమండ దగ్గర బిగించి కట్టండి, వేళ్ళు ముందుకు జారకుండా ఉంటాయి. కర్రలను ముందు నేలకు ఆనించి, ఆ తర్వాతే అడుగు దించాలి. అడుగులు చిన్నవిగా, మోకాలు కొద్దిగా వంచి ఉండాలి. వాన పడితే ఆ రాళ్ళు నూనె పూసినట్టు జారుతాయి, అప్పుడు తొందర అసలు వద్దు. మూడు గంటలని వేసుకున్న దిగుడు నాలుగు గంటలైనా మనకు ఇంకా వెలుతురు మిగిలే ఉంటుంది.

ఆ రాత్రి ఘాంఘరియాలోనే ఉండి, మరునాడు పుల్నాకు దిగండి. అక్కడి నుంచి రహదారి మీ చేతిలో ఉండదు. చరియలు పడితే గంటలు, ఒక్కోసారి రోజులు ఆగాలి. 2013 జూన్ వరదల్లో గోవింద్‌ఘాట్ తీవ్రంగా దెబ్బతింది, 2025 మార్చిలో అక్కడి వంతెన కొండచరియ పడి కూలింది. తిరుగు రైలును రెండు రోజుల తర్వాతకు తీసుకోమన్నది ఇందుకే. దారి సాఫీగా ఉంటే ఆ రోజుల్లో బదరీనాథ్ చూసి రావచ్చు. గోవింద్‌ఘాట్ నుంచి అది 25 కిలోమీటర్ల దూరమే. దారి మూసుకుంటే జోషీమఠ్‌లో గదిలో కూర్చొని, మోకాళ్ళకు నూనె రాసుకుంటూ, రైలు తప్పుతుందేమోనన్న ఆందోళన లేకుండా ఉండవచ్చు.